ఆగస్టులో ఫుల్ మారథాన్ ఉంది, ఇప్పుడేమో రెండు కాళ్ళూ మొరాయిస్తున్నాయి. ఆపేయాలా, లాగించాలా?

కొండాపూర్_రన్నర్:

అందరికీ నమస్తే. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఫుల్‌కి రిజిస్టర్ అయ్యాను, హాఫ్‌లు కొన్ని చేశా కానీ 42 ఎప్పుడూ ముట్టుకోలేదు, ఇదే ఫస్ట్. వయసు 38, సాఫ్ట్‌వేర్, పొద్దున బొటానికల్ గార్డెన్‌లోనో రోడ్డు మీదో పరుగు, ఆ తర్వాత రోజంతా కుర్చీలోనే. నాలుగున్నర గంటల్లో ముగించాలని ప్లాన్, అంటే కిలోమీటర్‌కి 6:24 పేస్. మార్చిలో వారానికి 30 కిలోమీటర్ల దాకా పరిగెత్తేవాణ్ణి, మే చివరికి 55కి తెచ్చాను, లాంగ్ రన్ 26 దాకా వెళ్ళింది. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒకదాని తర్వాత ఒకటి మొదలయ్యాయి.

ఒకటి, కుడికాలు ముంగాలి ఎముక లోపలి వైపు, చీలమండకి జానెడు పైన. మొదట్లో పరుగు అయ్యాక కాసేపు నొచ్చి పోయేది. ఇప్పుడు మొదటి కిలోమీటర్ నుంచే ఉంటోంది, ఈ వారం మెట్లెక్కుతుంటే కూడా తెలుస్తోంది, రాత్రి పడుకున్నాక సలుపు.

రెండు, ఎడమ మోకాలు బయట వైపు. ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల దాకా ఏమీ ఉండదు, తర్వాత ఉన్నట్టుండి పోటు వచ్చేస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పర్లేదు, దిగేటప్పుడు చచ్చిపోతున్నా. నడిస్తే పోతుంది, మళ్ళీ పరిగెత్తితే అదే చోట.

మూడు, ఎడమ మడమ పైన వెనకాల ఉండే లావు నరం (అకిలీస్ అంటారు కదా). పొద్దున మంచం దిగగానే బిగుసుకుపోయి ఉంటుంది, బాత్రూం దాకా కుంటుకుంటూ వెళ్తా, కాసేపటికి సర్దుకుంటుంది.

దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళ్తే ఎక్స్‌రే తీసి ఎముక నార్మల్, కండరాల నొప్పి అని పెయిన్ కిల్లరూ కాల్షియం మాత్రలూ రాసిచ్చారు. జిమ్‌లో ట్రైనర్ స్ట్రెచింగ్ చెయ్యమంటాడు, రన్నింగ్ గ్రూప్‌లో కొందరు షూ మార్చమంటారు, కొందరేమో అసలు షూ తీసేసి పరిగెత్తమంటారు. నా భార్య అయితే మెడల్ కావాలంటే కోఠీలో కొనిస్తా, ఇంట్లో కూర్చో అంటోంది. ఈ స్టేజ్‌లో ట్రెయినింగ్ కొనసాగించొచ్చా? టేప్ వేసుకుంటే పనవుతుందా? ఇలాంటివి దాటుకుని ఫుల్ చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

నల్లగొండ_ఎక్స్‌ప్రెస్:

అన్నా ఏం గాదు. ఫుల్‌కి ట్రెయిన్ అయ్యేటోళ్ళల్ల ఒక్కడికన్నా ఏ నొప్పి లేకుండ ఉంటదా చెప్పు. నాకు పోయినసారి రెండు షిన్‌లు గిట్లనే నొచ్చినయ్, వారం రోజులు ఐస్ పెట్టిన, రేసు పొద్దుగాల పెయిన్ కిల్లర్ ఒకటి ఏస్కొని లైన్ల నిలబడ్డ, అయిపోయింది. ఇప్పుడు ఆపినవ్ అంటే ఫిట్‌నెస్ మొత్తం పోతది, మళ్ళ మొదటికెళ్ళి షురూ చెయ్యాలె. లాంగ్ రన్ ఒక్కటి 32 కొట్టెయ్, మిగతాది రేసుల జనం అరుపులే గుంజుకపోతయ్.

కీళ్ళ_ఫిజియో:

నేను ఫిజియోథెరపిస్ట్‌ని, రన్నర్లని ఎక్కువగా చూస్తుంటాను. మీ మూడు నొప్పుల్నీ ఒకే గాటన కట్టకండి, మూడూ మూడు రకాలు. వాటిలో రెండింటితో బేరమాడొచ్చు, ఒకదానితో కుదరదు.

కుదరనిది కుడికాలి ముంగాలు. మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది "రాత్రి పడుకున్నాక సలుపు" అన్న మాట. మామూలు షిన్ స్ప్లింట్స్‌లో నొప్పి ఎముక లోపలి అంచు వెంబడి పొడుగ్గా, బెత్తెడో అంతకన్నా ఎక్కువో పరుచుకుని ఉంటుంది, ఒళ్ళు వేడెక్కాక చాలామందికి కొంచెం తగ్గుతుంది కూడా. ఎముకలోనే దెబ్బ మొదలైతే (స్ట్రెస్ రియాక్షన్, ముదిరితే స్ట్రెస్ ఫ్రాక్చర్) పద్ధతి వేరు. పరిగెత్తేకొద్దీ పెరుగుతుంది, రోజులు గడిచేకొద్దీ ముందే మొదలవుతుంది, ఆఖరికి నడకలోనూ విశ్రాంతిలోనూ ఉంటుంది. మీ కథ ఈ రెండోదానిలా వినిపిస్తోంది. ఇప్పుడు ఒక పని చెయ్యండి. కుర్చీలో కూర్చుని, బొటనవేలితో ఆ ఎముక లోపలి అంచుని మోకాలి కింద నుంచి చీలమండ దాకా అంగుళం అంగుళం నొక్కుకుంటూ రండి. అంచంతా కాస్త కాస్త నొస్తే ఒక లెక్క. రూపాయి బిళ్ళంత చోట మాత్రమే ప్రాణం పోయినట్టు అనిపిస్తే ఇంకో లెక్క. ఒంటికాలి మీద గెంతి చూసే టెస్ట్ కూడా ఉంది కానీ ఇంట్లో వద్దు, నిజంగా పగులుంటే దాన్ని మీరే పెద్దది చేసుకుంటారు.

ఎక్స్‌రే నార్మల్ వచ్చింది కాబట్టి ఎముక బాగుందని అనుకోవద్దు. మొదటి రెండు మూడు వారాల్లో ఇలాంటివి ఎక్స్‌రేలో చాలావరకు కనపడవు, ఎముక మానడం మొదలయ్యాకే ఆ గీత తేలుతుంది. తొందరగా పట్టుకునేది ఎంఆర్ఐ. స్పోర్ట్స్ మెడిసిన్ తెలిసిన ఆర్థో దగ్గరికి వెళ్ళండి, అప్పటిదాకా పరుగు బంద్. అక్కడ నొక్కితే ముంగాలి ముందు గట్టు మీద కాకుండా లోపలి వెనక అంచు మీద నొప్పి ఉంటే కొంత నయం, అక్కడివి సాధారణంగా మాట వింటాయి. ముందు గట్టు మీద వచ్చేవే మొండివి.

మోకాలు బయట వైపు మీరు చెప్పింది ఐటీ బ్యాండ్ లక్షణమే, దాదాపు పుస్తకంలో ఉన్నట్టే చెప్పారు. ఫలానా కిలోమీటర్ దగ్గర మొదలవడం, దిగుడులో ఎక్కువవడం, నడిస్తే పోవడం. ఆ పట్టీ తుంటి నుంచి మోకాలి కింద దాకా ఉండే దళసరి పొర. దాని మీద ఫోమ్ రోలర్ పెట్టి ఏడుస్తూ దొర్లితే అది సాగదు, అది సాగే వస్తువే కాదు. పిరుదు పక్క కండరాలకి బలం పెట్టాలి. సైడ్ ప్లాంక్, కాలికి బ్యాండ్ కట్టుకుని పక్కకి అడుగులు, ఒంటికాలి స్క్వాట్ అద్దం ముందు. మోకాలు లోపలికి వాలుతోందో లేదో అద్దంలో మీకే కనపడుతుంది. పరుగులో అడుగు కొంచెం పొట్టిది చెయ్యండి, నిమిషానికి 160 అడుగులు వేస్తుంటే 168కి తీసుకెళ్ళండి చాలు, మోకాలి మీద భారం తెలిసేంతగా తగ్గుతుంది. ఇవన్నీ ముంగాలు సంగతి తేలాక.

టేప్ వల్ల కొందరికి ధైర్యం వస్తుంది, ఎముకకి ఏమీ రాదు.

బీచ్‌రోడ్_బాబాయ్:

నల్లగొండ తమ్ముడూ, నీకు కలిసొచ్చింది, సంతోషం. కానీ రేసు రోజు పెయిన్ కిల్లర్ సలహా మాత్రం ఎవరికీ ఇవ్వకు నాయనా. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. అసలే నాలుగైదు గంటలు చెమటోడ్చి ఒంట్లో నీళ్ళు ఇంకిపోయి ఉంటాయి, పైగా ఆగస్టులో హైదరాబాదు ఉక్క, ఆ టైములో ఆ మాత్ర కిడ్నీ మీద వేసే దెబ్బ చిన్నది కాదు. రేసయ్యాక డ్రిప్ ఎక్కించుకున్న మిత్రులున్నారు నాకు. ఇంకోటి, నొప్పి తెలియకుండా చేసుకుని పరిగెత్తితే ఎక్కడ ఆగాలో చెప్పేవాడు ఉండడు కదా.

నాకు యాభై దాటింది, వైజాగ్‌లో ఉంటాను, అకిలీస్‌తో చాలా ఏళ్ళుగా సహజీవనం. కొండాపూర్ బాబూ, నిన్నొకటి అడుగుతాను, ఈ మధ్య జ్వరానికో విరేచనాలకో యాంటీబయాటిక్ ఏమైనా వాడావా? సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్, ఆఫ్లోక్సాసిన్, అలా చివర ఫ్లోక్సాసిన్ అని వచ్చేవి. ఆ జాతి మందులకీ అకిలీస్‌కీ పడదు. అమెరికాలో 2008లోనే వాటి సమాచార పత్రంలో నల్లగడి కట్టి మరీ హెచ్చరిక పెట్టించారు, స్నాయువు వాయడం, ఏకంగా తెగిపోవడం కూడా జరుగుతుందని. మందు ఆపేసిన కొన్ని నెలలకి కూడా రావొచ్చు. మన దగ్గరేమో మెడికల్ షాపులో చిల్లర లేకపోతే చాక్లెట్ ఇచ్చినట్టు ఇస్తారు వాటిని.

ఇక మామూలు అకిలీస్ అయితే పూర్తి విశ్రాంతి దానికి మందు కాదు. రెస్ట్ ఇచ్చినన్నాళ్ళూ నోరు మూసుకుని ఉంటుంది, షూ కట్టగానే మళ్ళీ మొదలు. దానికి బరువు నేర్పాలి. స్వీడన్‌లో ఆల్ఫ్రెడ్‌సన్ అనే డాక్టరు 1998లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనిచేస్తోంది. మెట్టు అంచు మీద మునివేళ్ళతో నిలబడి, రెండు కాళ్ళతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలు ఒక్కదాని మీద మెల్లగా మడమ కిందికి దించడం. మోకాలు చాచి 15 సార్లు మూడు విడతలు, కొంచెం వంచి ఇంకో మూడు విడతలు, రోజుకి రెండుసార్లు, 12 వారాలు. మెల్లగా అంటే నిజంగా మెల్లగా, నేనైతే మా ఇంటి మెట్ల మీద ఫిల్టర్ కాఫీ దిగేలోపు ఒక విడత. తేలికైపోతే వీపుకి బ్యాగు తగిలించుకుని అందులో బియ్యం పెట్టుకోవడమే. కాకపోతే నీ నొప్పి మడమ ఎముకకి అతుక్కునే చోట ఉంటే మెట్టు కిందికి దించకు, నేల మట్టానికి ఆపెయ్, లేకపోతే అక్కడ నలిగి ఇంకా మండుతుంది. గిల్లి చూసుకో, మడమకి రెండు మూడు వేళ్ళ పైన నొస్తే మెట్టు పద్ధతే.

ఎవరైనా అక్కడ స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడుస్తానంటే లేచి వచ్చెయ్.

రోడ్డు సంగతి కూడా చూసుకో. రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉండి అంచుకి వాలుతుంది కదా వాన నీరు పోవడానికి, ఎప్పుడూ ఒకే పక్కన పరిగెత్తితే ఒక కాలు పల్లంలో ఒక కాలు మిట్టలో. మా బీచ్ రోడ్డులో పొద్దున బండ్లు ఆపేస్తారు కాబట్టి నడిమధ్యన పరిగెత్తుతాం, మీకు ఆ భోగం లేదనుకో, స్టేడియం ట్రాక్ ఎక్కినా దిశ మార్చుకుంటూ ఉండు.

కొండాపూర్_రన్నర్:

మేడమ్, మీరు చెప్పినట్టే నొక్కుకుంటూ వచ్చాను. అంచు అంతా ఏమీ లేదు, ఒక్క చోటికి వచ్చేసరికి కుర్చీలోంచి లేచిపోయాను. లోపలి వెనక అంచే. అదే చోట పక్క కాలు నొక్కితే ఏమీ లేదు. రేపు ఆర్థో అపాయింట్‌మెంట్ తీసుకున్నా.

బాబాయ్ గారూ, మీ మెసేజ్ చూసి మందుల డబ్బా తీశాను. ఏప్రిల్‌లో బయట బిర్యానీ తిని లూజ్ మోషన్స్ పట్టుకుంటే షాపువాడు ఇచ్చిన స్ట్రిప్ ఇంకా ఉంది, ఆఫ్లోక్సాసిన్ ప్లస్ ఆర్నిడజోల్ అని ఉంది దాని మీద!! ఐదు రోజులు వేసుకున్నా, ఆ వారంలో కూడా పరిగెత్తా. మడమ నొప్పి మొదలైంది మేలో. ఇది డాక్టర్‌కి చెప్పాలా?

ఇంకో విషయం రాయలేదు, జనవరి నుంచి ఫాస్టింగ్ చేస్తున్నా, రాత్రి ఎనిమిది తర్వాత మర్నాడు పన్నెండు దాకా ఏమీ తినను, బ్లాక్ కాఫీ మాత్రమే. పొద్దున పరుగులన్నీ ఖాళీ కడుపుతోనే, లాంగ్ రన్‌లతో సహా. బరువు బాగా తగ్గింది, అది మంచిదే కదా మోకాళ్ళకి?

డల్లాస్_పరుగు:

చదువుతూ వెళ్ళిపోదామనుకున్నా కానీ ఈ ఫాస్టింగ్ దగ్గర ఆగిపోయాను. 26 కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి పన్నెండింటి దాకా ఏమీ తినకుండా ఉంటున్నారా?? అది మోకాళ్ళకి మంచిది కావొచ్చు, ఎముకకి మాత్రం కాదండి. వారానికి 55 కిలోమీటర్లకి ఖర్చయ్యేంత తిండి లోపలికి వెళ్ళకపోతే ఒళ్ళు ఎక్కడో ఒకచోట కోత పెడుతుంది, ఎముక మరమ్మతు, హార్మోన్లు, నిద్ర, ఇవన్నీ ఆ కోతలో పోతాయి. ఆడవాళ్ళలో అయితే నెలసరి ఆగిపోయి అలారం మోగుతుంది, మగవాళ్ళకి అంత స్పష్టమైన గుర్తు ఉండదు, అందుకే ఆలస్యంగా తెలుస్తుంది. ఒలింపిక్ కమిటీ వాళ్ళు 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు, మగవాళ్ళకీ వర్తిస్తుందని అప్పుడే చెప్పారు. నాకు ఇక్కడ పాదం ఎముక విరిగినప్పుడు డాక్టర్ షూ గురించి కాదు, మొట్టమొదట అడిగింది నెలసరి సరిగ్గా వస్తోందా, పొద్దున ఏం తింటున్నావు అని.

పరుగుకి ముందు రెండు అరటిపళ్ళో ఖర్జూరాలో, వచ్చిన అరగంటలో ఉప్మా గుడ్లు, రాగి జావ, పెరుగన్నం, ఏదైనా సరే కానీ తినండి. విటమిన్ డీ, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది) టెస్ట్ చేయించండి. ఇంత ఎండలున్న దేశంలో డీ తక్కువేంటి అనుకుంటారు, ఇండియా వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఎవరికి చేయించినా తక్కువే. అలా అని వారానికోసారి వేసే ఆ అరవై వేల యూనిట్ల సాచెట్‌ని డాక్టర్ చెప్పిన వారాలు దాటాక కూడా టీ పొడిలా వాడుతూ పోకండి, అదీ ఎక్కువైతే విషమే.

నల్లగొండ_ఎక్స్‌ప్రెస్:

ఎమ్మారై అంటే వేలల్ల ఖర్చు గద మేడమ్, అందరు ఐటీ వాళ్ళు కాదు. గంత పైస లేనోడు ఏం జెయ్యాలె? నాకు గూడ ఎడమ షిన్ ఇంక నడుస్తుంది అందుకే అడుగుతున్న.

కీళ్ళ_ఫిజియో:

మంచి ప్రశ్న. ఎంఆర్ఐ కుదరకపోతే, ఒక్క చోట నొప్పి ఉంటే అది ఎముకదే అనుకుని నడుచుకోవాలి. పరుగు ఆపేసి, నడక కూడా నొప్పి రానంత వరకే, మూడు నాలుగు వారాలాగి మళ్ళీ నొక్కి చూసుకోవాలి, కావాలంటే అప్పుడు ఇంకో ఎక్స్‌రే, అది కొన్ని వందల్లో అయిపోతుంది. నడిస్తేనే కుంటుతుంటే, గజ్జల్లో నొప్పి ఉంటే మాత్రం అప్పు చేసైనా స్కాన్ తీయించాలి. తుంటి ఎముక మెడ దగ్గర పగులైతే ఆపరేషన్ దాకా పోతుంది. మీ ఎడమ షిన్ ఒకే చోటనా, అంచంతానా?

కొండాపూర్ గారూ, ఆ స్ట్రిప్ ఫోటో తీసి డాక్టర్‌కి తప్పకుండా చూపించండి, దాని వల్లే అని తేల్చలేరు కానీ మళ్ళీ మీకు ఆ రకం రాయకుండా ఉంటారు. ఇప్పుడున్న అకిలీస్‌కి బాబాయ్ గారు చెప్పిన మెట్టు వ్యాయామం కూడా డాక్టర్ చూశాకే మొదలుపెట్టండి, బరువు మాత్రం ఇప్పుడే తగిలించొద్దు.

నల్లగొండ_ఎక్స్‌ప్రెస్:

అంచంత నొస్తుంది మేడమ్, రెండు బెత్తెలు. ఉరుకంగ ఉరుకంగ తగ్గుతది.

కీళ్ళ_ఫిజియో:

అయితే దూరం సగం చేసి, పిక్కలకి బలం పెట్టి, షూ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడండి. 800 దాటితే దానికి సెలవిచ్చెయ్యండి.

కొండాపూర్_రన్నర్:

అప్‌డేట్. ఎంఆర్ఐ అయ్యింది. స్ట్రెస్ రియాక్షన్, గ్రేడ్ 2 అట, పగులు గీత లేదు కానీ ఎముక లోపల వాపు ఉంది. ఇంకో రెండు మూడు లాంగ్ రన్‌లు చేసి ఉంటే గీత కూడా పడేదేమో అన్నాడు డాక్టర్. ఆరు వారాలు పరుగు లేదు, తర్వాత చూసి చెప్తానన్నాడు. విటమిన్ డీ 11 వచ్చింది, కనీసం 20 పైన ఉండాలట. సాచెట్లు రాశాడు. ఫాస్టింగ్ మానేశా, ఇంట్లో అందరూ హ్యాపీ.

అంటే జూలై చివరి దాకా పరుగే లేదు, ఆగస్టు ఫుల్ అయిపోయినట్టేనా? మిగిలిన మూడు నాలుగు వారాల్లో ఏదోలా హాఫ్ అయినా చెయ్యగలనా, డబ్బు కట్టేశాను కదా అని ఒక పక్క పీకుతోంది. పూల్‌లో పరిగెత్తొచ్చని చదివాను, మా అపార్ట్‌మెంట్ పూల్ నాలుగడుగులే, పైగా సాయంత్రమైతే పిల్లలతో కిటకిట.

బీచ్‌రోడ్_బాబాయ్:

కట్టిన డబ్బు ఎలాగూ పోయింది, దాని వెనక ఎముకని కూడా పంపిస్తావా? ఆ రూటు ఎలాంటిదో తెలిసిందే కదా, నెక్లెస్ రోడ్డు దగ్గర చదునుగా మొదలై, ఊరు దాటి గచ్చిబౌలి చేరేసరికి ఫ్లైఓవర్లు, బంజారాహిల్స్ జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు. దిగుడంతా నీ మోకాలికీ ముంగాలికీ శిక్షే. ఆరు వారాల రెస్ట్ తర్వాత మొదటి పని అది కాకూడదు. నిర్వాహకులకి మెయిల్ పెట్టి వచ్చే ఏడాదికి మార్చడమో దూరం తగ్గించడమో కుదురుతుందేమో అడుగు, లేదంటే వదిలెయ్.

జనవరిలో ముంబై ఉంది, మూడో ఆదివారం. పెద్దర్ రోడ్డు ఎక్కుడు ఆఖర్లో ప్రాణం తీస్తుంది కానీ మిగతాది చాలావరకు చదునే, గాలి చల్లగా ఉంటుంది. ఆగస్టులో మెల్లగా మొదలుపెట్టినా ఐదు నెలలు చేతిలో ఉన్నట్టు. దానికీ కాలు ఒప్పుకుంటేనే అనుకో. రిజిస్ట్రేషన్ తొందరగా నిండిపోతుంది, నాన్చకు.

కీళ్ళ_ఫిజియో:

హాఫ్ కూడా వద్దు. తిరిగి మొదలుపెట్టే లెక్క ఇది: మామూలు నడకలో, మెట్లలో వరసగా ఐదు రోజులు నొప్పి సున్నా ఉండాలి, వేలితో నొక్కితే కూడా ఉండకూడదు. అప్పుడు డాక్టర్ ఓకే అంటే అరగంట నడకలో నిమిషం నిమిషం పరుగు కలపండి, రోజు విడిచి రోజు. ఆ రోజు బాగుండి మర్నాడు పొద్దున నొప్పి వస్తే వెనక్కి ఒక మెట్టు. ముందు నిమిషాలు పెంచండి, వేగం చివర్లో. ఎముక నొప్పిలో "నొప్పి పదికి మూడు దాకా ఉంటే పర్లేదు" అనే రూలు లేదు, అది అకిలీస్‌కి మాత్రమే.

ఈ ఆరు వారాలూ ఖాళీగా ఉండక్కర్లేదు. సైకిల్ తొక్కితే నొప్పి రాకపోతే తొక్కండి, పిరుదు కండరాల వ్యాయామాలు నేల మీద పడుకుని చేసేవి ఇవాళ్టి నుంచే చెయ్యొచ్చు. పూల్ పరుగుకి కాళ్ళు నేలకి తగలకూడదు, నడుముకి తేలే బెల్టు కట్టుకుని నిలువుగా ఉండి పరిగెత్తాలి, కాబట్టి నాలుగడుగులు చాలవు. గచ్చిబౌలిలో స్టేడియం దగ్గర అక్వాటిక్ కాంప్లెక్స్‌లో లోతైన పూల్ ఉంది, బయటివాళ్ళకి ఏ టైములో ఇస్తారో, బెల్టుతో దిగనిస్తారో లేదో వెళ్ళి అడగండి. మొదటి రోజు పది నిమిషాలకే ఆయాసం వస్తుంది, బోరు కూడా కొడుతుంది.

డల్లాస్_పరుగు:

బోరు మాత్రం నిజం. బెల్టు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, నడుము కొలత చూసి బిగుతుగా ఉండేదే తీసుకోండి, వదులైతే చంకల్లోకి ఎక్కేస్తుంది.